ఆదివారం దాటిన తరువాత

2019 వేసవిని చెన్నైలో కాపురమున్నవారెవరూ మరచిపోలేరు. పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం - నగరానికి నీళ్లిచ్చే నాలుగు జలాశయాలూ జూన్ నాటికి దాదాపు ఎండిపోయాయి. జూలైలో జోలార్‌పేట నుంచి రైలు ట్యాంకర్లలో నీళ్లు తెప్పించుకున్నాం. మా వీధికి నీళ్ల లారీ ఎప్పుడొస్తుందో తెలిసేది కాదు. హారన్ వినబడితే చాలు, చేతిలో పని వదిలేసి అందరం ప్లాస్టిక్ బిందెలతో పరుగెత్తేవాళ్లం.

ఒక ఆదివారం నేను ఆరాధన ముగించుకుని వచ్చేసరికి లారీ వచ్చి వుంది. ఆనాటి ప్రసంగం దీర్ఘశాంతం గురించే! బైబిలు బల్లమీద పెట్టి బిందెలు పట్టుకుని వెళ్లాను. ఇంటికి నాలుగు బిందెలని మా వీధివాళ్లం అనుకున్న మాట. గొట్టం పట్టుకున్న కుర్రవాడు తెలిసినవాడు కావడంతో నేను ఆరు నింపుకున్నాను. వరుసలో చివర మా వీధిలో ఇళ్లపని చేసుకునే ఒకామె నిలబడి వుంది. ఆమె వంతు వచ్చేసరికి నీళ్లు అయిపోయాయి. ఆమె నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఖాళీ బిందె చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆ రాత్రి ప్రార్థనకు కూర్చుంటే మాట రాలేదు. బలిపీఠం దగ్గర అర్పణ విడిచి, ముందు వెళ్లి సహోదరునితో సమాధానపడమని ప్రభువు చెప్పిన సంగతి గుర్తుకొచ్చింది. తెల్లవారాక మా అబ్బాయి చేత రెండు బిందెలు మోయించుకుని ఆమె ఇంటికి వెళ్లి, తప్పు నాదేనని చెప్పాను. "పోనీలే అక్కా, మీ ఇంట్లోనూ పిల్లలున్నారుగా" అంది. ఒక బిందె మాత్రమే తీసుకుని, రెండోది పక్కింటి ముసలమ్మకు ఇవ్వమంది. నేను ఆదివారం విన్న ప్రసంగం సోమవారం ఆమె చేసి చూపించింది.

పండు ఒక్కరోజులో పండదు

పౌలు గలతీయులకు రాసిన పత్రిక అయిదవ అధ్యాయంలో తొమ్మిది సద్గుణాలు చెప్పాడు. ప్రేమతో మొదలుపెట్టి ఆశానిగ్రహంతో ముగించాడు. విశేషమేమంటే, తొమ్మిదింటినీ కలిపి ఆయన 'ఫలం' అని ఏకవచనంలోనే అన్నాడు. కాబట్టి "నాకు ప్రేమ ఉంది, ఓర్పు మాత్రం లేదు" అని సరిపెట్టుకోవడానికి వీల్లేదన్నమాట. ఓర్పు లేనిచోట ప్రేమ కూడా ఇంకా పిందెగానే ఉంది.

ఫలమన్నప్పుడు మరో సంగతి కూడా ఉంది. మామిడిచెట్టు పళ్లు బిగించి కాయలు కాయదు. వేరుకు నీరందితే వేళకు పూత వస్తుంది, పిందె పడుతుంది. ప్రార్థన, వాక్యపఠనం, సహవాసం ఆ నీరు. అయితే పాదు చేసి నీళ్లు పోయవలసినది మాత్రం మనమే. ఆ పని ఆదివారం ఒక్కపూట చేసి ఊరుకుంటే చాలదు.

బకింగ్‌హామ్ కాలువ కథ

మైలాపూరులో ఎత్తయిన రైలుమార్గం పక్కన పారే బకింగ్‌హామ్ కాలువను చూసి మనం ముక్కు మూసుకుంటాం. కాని ఆ కాలువలో తెలుగువారి చెమట ఉంది. 1876-78 నాటి మహా కరువులో ఆకలితో ఉన్న జనానికి పని కల్పించేందుకు దానిలో కొంత భాగాన్ని తవ్వించారు. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ సుమారు మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కంట్రాక్టుకు తీసుకున్నాడు. ఆయనతో ఉన్న తెలుగు బోధకులే మేస్త్రీలుగా నిలబడ్డారు. వేలమంది అక్కడ కూలి చేసుకుని ప్రాణాలు నిలుపుకున్నారు.

వారిలో ఎందరో బాప్తిస్మం కోరారు. క్లౌ ఒప్పుకోలేదు. తిండి కోసం మతం మారారన్న మాట ఎవరిమీదా రాకూడదని, కరువు తీరేదాకా ఆగమన్నాడు. ఏడాదికి పైగా ఒక్కరికీ బాప్తిస్మమివ్వలేదు. సహాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

చరిత్ర ఆ సంఖ్యను గుర్తుంచుకుంది. నాకు మాత్రం దానికి ముందున్న నిరీక్షణే గొప్పదనిపిస్తుంది. ఆకలిగొన్నవారికి భిక్ష వేయక కూలి ఇవ్వడం దయ. తన సంఘం పెరుగుతుందని తెలిసి కూడా ఆగడం ఆశానిగ్రహం. ఈ రెండూ ఆ కాలువగట్టుమీద, మట్టిపనిలో కనిపించాయి.

మన ఇళ్లలో

మనకు కాలువలు తవ్వే అవసరం రాకపోవచ్చు. వంటిల్లు ఉంది గదా! మన తెలుగు సంఘాల్లో తల్లులు అన్నం వండే ప్రతిసారీ ఒక గుప్పెడు బియ్యం పక్కన తీసిపెట్టే అలవాటు ఉండేది. ఇప్పటికీ కొందరి ఇళ్లలో ఉంది. గుప్పెడు బియ్యంతో ఎవరి దరిద్రమూ తీరదు. కాని పూటపూటకూ మన చెయ్యి ఒక క్షణం ఆగి, లేనివారిని తలుచుకుంటుంది. సద్గుణం అలా అలవాటుగానే అబ్బుతుంది.

పనిమనిషి జీతం ఆమె అడగకముందే ఇవ్వడం, బిడ్డను అకారణంగా కోప్పడితే ఆ రాత్రే "తప్పు నాది, నాన్నా" అనగలగడం, అత్తగారు చెప్పిన సంగతే మూడోసారి చెబుతున్నా విసుక్కోకుండా వినడం, వాట్సప్‌లో వచ్చిన నింద నిజమో కాదో తెలియకుండా మరొకరికి పంపకపోవడం - ఇవన్నీ చూడటానికి చిన్నవే. చేయబోతే తెలుస్తుంది ఎంత కష్టమో! అమ్మానాన్నలు క్షమాపణ అడగడం చూసిన పిల్లలకు క్షమ అంటే ఏమిటో వేరే పాఠం చెప్పనక్కరలేదు.

మరుసటి సంచిక మీ చేతికందడానికి మూడు నెలలుంది. ఈలోగా పెద్ద తీర్మానాలేవీ వద్దు. మన వల్ల బిందె ఖాళీగా తిరిగి వెళ్లిన మనిషి ఒకరు ప్రతివారికీ ఉండే ఉంటారు. ఆ ఒక్కరి గుమ్మం దాకా నడుద్దాం. ఆ తరువాత ఆదివారం పాడే కీర్తన మన నోటికి మరికాస్త నిజంగా వస్తుంది.