లేజరుకు తెలిసింది నలుపే

ఆడపిల్ల పుట్టిన నాటినుంచే మన ఇళ్ళలో రోమాలమీద దండయాత్ర మొదలవుతుంది. నీళ్ళు పోసేటప్పుడు బామ్మగారు పసిబిడ్డను కాళ్ళమీద పడుకోబెట్టుకుని, సున్నిపిండి ముద్దతో వీపూ నుదురూ నలిచి నలిచి నూగు రాలగొడుతుంది. పిల్ల కొంచెం ఎదిగితే ముఖానికి పసుపు. పెళ్ళినాడు నలుగు. వీటన్నిటిలోనూ ముచ్చట ఉన్నది, పెద్దల ఆప్యాయత ఉన్నది. ఎటొచ్చీ పైపెదవిమీదా గడ్డంకిందా మొలిచే నల్లని వెంట్రుకను మాత్రం అవి వేరుతో తీసివేయలేకపోయాయి. ఆ పని చేస్తామంటూ ఇప్పుడు లేజరు వచ్చింది. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నాల మాట అలా ఉంచండి. చిన్న పట్టణాలలో సైతం మేడమెట్ల పక్కన ఆ బోర్డులు కనిపిస్తున్నాయి.

నేను తెలుగు పాఠం చెప్పుకునేదాన్నిగాని వైద్యురాలిని కాను. అయినా ఆడపిల్లలు చదివే కాలేజీలో పనిచేస్తున్నందువల్ల ఈ సంగతి నా దాకా వచ్చింది. డిగ్రీ రెండో సంవత్సరం చదివే అమ్మాయి ఒకతె, ఎన్.ఎస్.ఎస్. క్యాంపులో వారంరోజులపాటు ఎండలో తిరిగి వచ్చి, మూడోనాడే ఒక సౌందర్యశాలలో గడ్డానికీ చెంపలకూ లేజరు చేయించుకున్నది. "ఈమధ్య ఎండలో తిరిగావా అమ్మా?" అని అక్కడ అడిగినవారు లేరు. నాలుగు రోజులు తిరిగేసరికి గడ్డంకింద వరుసగా గోధుమరంగు చారలు తేలాయి. చర్మవైద్యురాలికి చూపిస్తే, "మానుతాయి, కాని నెలలు పడుతుంది" అన్నారు. మానిన మాట నిజమే. కాని ఆ నెలలన్నీ ఆ పిల్ల చున్నీ చుట్టుకునే క్లాసులో కూర్చున్నది. చక్కని గొంతుక ఉన్న పిల్ల, పద్యం చదవమంటే లేవలేదు. అప్పటినుంచి నేను ఈ విషయం చదివీ, తెలిసిన డాక్టర్లను అడిగీ తెలుసుకున్నదే ఇక్కడ చెబుతున్నాను.

మొట్టమొదటి లేజరును 1960లో అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలోని మాలిబూలో థియొడోర్ మైమన్ అనే శాస్త్రజ్ఞుడు కెంపురాతినుంచి పుట్టించాడు. 1983లో బోస్టను నగర వైద్యులు రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్ ఒక సూత్రం ప్రకటించారు. ఏ వస్తువు ఏ రంగు వెలుగును పీల్చుకుంటుందో ఆ వెలుగును రెప్పపాటుకంటె తక్కువకాలం ప్రసరిస్తే, ఆ వస్తువు మాత్రమే కాలుతుంది, చుట్టుపక్కలవి చల్లగా ఉంటాయి అని. ఈ చికిత్సకు పునాది అదే. వెంట్రుకలో మెలనిన్ అనే నల్లని పదార్థం ఉన్నది. అది వెలుగును పీల్చి వేడెక్కుతుంది. ఆ వేడి కుదురుదాకా దిగి, వెంట్రుకను పెంచే కణాలను దెబ్బతీస్తుంది.

ఇక్కడే చిక్కు ఉన్నది. ఆ మెలనినే మన చర్మంలోనూ ఉన్నది. కిరణానికి కళ్ళు లేవు. ఇది వెంట్రుక, ఇది చర్మం అనే విచక్షణ లేదు. దానికి తెలిసింది నలుపే. తెల్లదొరసాని ముఖంమీద వెంట్రుక తెల్లచీరమీద నల్లదారంవంటిది. మనది చామనచాయ; గోధుమరంగు చీరమీద నల్లదారం. దారాన్ని కాల్చబోతే చీరకు చురుకు తగిలే ప్రమాదం మనకే ఎక్కువ. చర్మవైద్యులు ఎండకు చర్మం కందే తీరునుబట్టి మనుషులను ఆరు తరగతులుగా విభజిస్తారు. మనవాళ్ళలో చాలామంది నాలుగు, ఐదు తరగతులలోకి వస్తారు. ఇటువంటివారికి 1064 నానోమీటర్ల ఎన్‌డీ-యాగ్ లేజరు మిగతావాటికంటె క్షేమం. అది పైచర్మపు నలుపుకు అంతగా చిక్కకుండా లోతుకు దిగుతుంది. 755 నానోమీటర్ల అలెగ్జాండ్రైట్ లేజరు తెల్లని చర్మానికి బాగా నప్పుతుంది. కనుక రేటు ఎంత అని అడిగేముందు, "మీ దగ్గర ఉన్నది ఏ లేజరు? దాన్ని పట్టుకునేది ఎవరు?" అని అడగాలి.

ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే ముందు జాగ్రత్తలు బట్టీపట్టనక్కరలేదు. వెంట్రుకలోని నలుపు అలాగే ఉండాలి. చర్మంలోని నలుపు పెరగకూడదు.

మొదటిదానికోసం, చికిత్సకు నాలుగునుంచి ఆరు వారాలముందే త్రెడింగు, వాక్సింగు, చిమటాతో పీకటం మానివేయాలి. వెంట్రుక కుదురుతోసహా ఊడివస్తే కిరణానికి దారి చూపేది లోపల ఏమీ ఉండదు. బ్లీచింగు కూడా పనికిరాదు. అది నలుపునే పోగొడుతుంది. రేజరుతో గీసుకోవచ్చు. నిజానికి ముందురోజు గీసుకునే వెళ్ళాలి, లేకపోతే పైనున్న వెంట్రుక కాలి చర్మాన్ని చురుక్కుమనిపిస్తుంది. గీస్తే ముతకగా, దట్టంగా మొలుస్తాయని మన ఇళ్ళలో ఒక భయం ఉన్నది. అది నిజం కాదు. కోసిన కొన మొద్దుగా ఉండటంవల్ల చేతికి అలా తగులుతుంది, అంతే.

రెండోదానికోసం, కనీసం నాలుగువారాలు ఎండ తప్పించుకోవాలి. రోహిణికార్తెలో స్కూటరుమీద తిరిగే పిల్లలు ఈ చికిత్స మొదలుపెట్టకపోవటమే మంచిది. వానలు పడి ఎండ తగ్గాక మొదలుపెట్టవచ్చు. ఆనాడు ముఖాన పౌడరు, క్రీములు, బొట్టు, కాటుక ఏమీ ఉండకూడదు. పుట్టుమచ్చలనూ పచ్చబొట్టునూ కిరణానికి దూరంగా ఉంచాలి. పచ్చబొట్టు సిరా వెలుగును పీల్చుకుని చర్మాన్ని కాలుస్తుంది. చేతిమీద పచ్చబొట్టున్న పెద్దవాళ్ళెవరైనా ఈ చికిత్సకు వెళితే ముందుగా చూపించి చెప్పాలి. కంటికి ప్రత్యేకమైన అద్దాలు పెట్టించుకోవటం తప్పనిసరి.

డాక్టరు దగ్గర దాచకూడని సంగతులు మరికొన్ని ఉన్నాయి. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలుగాని, రెటినాయిడ్ క్రీములుగాని, డాక్సీసైక్లిన్‌గాని వాడుతున్నారా? పెదవి అంచున మాటిమాటికీ నీటిపొక్కులు వస్తాయా? దెబ్బ మానినచోట కండ ఉబ్బెత్తుగా పెరుగుతుందా? గర్భవతులా? ఇవన్నీ ముందే చెప్పాలి. గడ్డంమీద ముతక వెంట్రుకలు కొత్తగా వస్తూ, నెలసరి కూడా క్రమం తప్పితే, అది అండాశయాలకు సంబంధించిన పీసీఓఎస్ కావచ్చు. అటువంటప్పుడు మూలకారణానికి వైద్యం చేయించుకోకుండా లేజరు ఒక్కటే చేయిస్తే, ఒకవైపు తీస్తుంటే మరొకవైపు మొలుస్తూనే ఉంటాయి.

నొప్పి తెలియకుండా పూసే మత్తు క్రీము విషయంలో ఒక హెచ్చరిక. అమెరికాలో ఇద్దరు యువతులు లేజరుకు ముందు కాళ్ళనిండా ఆ మందు పూసుకుని, పైన ప్లాస్టిక్ కాగితం చుట్టుకోవటంవల్ల మందు ఒంట్లోకి ఇంకి ప్రాణాలు పోగొట్టుకున్నారు. 2007లో అక్కడి ఔషధ నియంత్రణ శాఖవారు దీన్నిగురించి ప్రజలను హెచ్చరించారు. అది ఎంత పూయాలో, ఎక్కడ పూయాలో డాక్టరు చెప్పవలసిందేగాని, మనంతట మనం కొని పూసుకునేది కాదు. అలాగే మొదటిరోజునే ముఖమంతా చేయించుకోక, మచ్చుకు ఒకచోట చేయించుకుని, చర్మం తీరు చూసుకున్న తరువాతనే ముందుకు పోవాలి.

ఇక చికిత్స అయిన తరువాత సంగతి. కిరణం తగిలినప్పుడు రబ్బరుబాండు లాగి వదిలినట్లు చురుక్కుమంటుంది. తరువాత చర్మం కందుతుంది, రోమకూపాల చుట్టూ చిన్న చిన్న దద్దుర్లు లేస్తాయి. కొందరికి కొన్ని గంటలలో, కొందరికి రెండుమూడు రోజులలో ఇవి తగ్గిపోతాయి, భయపడనక్కరలేదు. చన్నీటిలో తడిపిన మెత్తని గుడ్డ అద్దితే హాయిగా ఉంటుంది. మంచుగడ్డను నేరుగా రుద్దకూడదు. ఒకటి రెండు రోజులు వేడినీళ్ళ స్నానం, ఆవిరి పట్టటం, చెమటలు పట్టే వ్యాయామం మానాలి.

మన పెద్దవాళ్ళు ప్రేమకొద్దీ చేసే ఉపచారాలతోనే ఇక్కడ పేచీ. "ఎర్రగా కందింది, కాస్త పసుపు రాయవే" అంటుంది అమ్మమ్మ. "నిమ్మరసం రాస్తే మచ్చ పడదు" అంటుంది పిన్ని. కాలిన చర్మానికి నలుగు గరగర రాపిడి అవుతుంది. నిమ్మరసం సంగతి మరీ విడ్డూరం. అది పూసుకుని ఎండలోకి వెళితే ఆరోగ్యంగా ఉన్న చర్మంకూడా కమిలి నల్లబడుతుంది. డాక్టరు ఇచ్చిన మెత్తని లేపనం తప్ప ఏదీ రాయకూడదు. పొక్కు లేస్తే చిదపక, ఆనాడే వెళ్ళి చూపించాలి.

అన్నిటికంటె ముఖ్యమైనది ఎండ. వేడి తగిలిన చర్మం తనను తాను కాపాడుకోవటానికి మరింత మెలనిన్ తయారుచేసుకుంటుంది. మచ్చలు పడటం అంటే అదే. దానికి ఎండకూడా తోడైతే మచ్చ ముదురుతుంది. కనుక మరో నాలుగు వారాలపాటు, ఎస్.పి.ఎఫ్. 30కి తక్కువకాని సన్‌స్క్రీన్ రాసుకోవాలి; బయట ఉన్నంతసేపూ రెండుగంటలకొకసారి మళ్ళీ రాసుకోవాలి. గొడుగు పట్టుకోవటానికి నామోషీ పడకూడదు.

ఒకటినుంచి మూడు వారాలలో నల్లని మొలకలు పైకి వస్తాయి. "డబ్బు దండగైంది, మళ్ళీ మొలుస్తున్నాయి" అని కంగారుపడి పీకవద్దు. అవి చచ్చిన వెంట్రుకలు, వాటంతటవే రాలిపోతాయి.

ఒక్కసారితో ఈ పని పూర్తికాదు. అన్ని వెంట్రుకలూ ఒకేసారి పెరగవు. కొన్ని పెరుగుతుంటే కొన్ని నిద్రపోతుంటాయి. కిరణం దెబ్బతీసేది పెరుగుతున్నవాటిని. అందువల్ల ముఖానికి నాలుగునుంచి ఆరు వారాలకొకసారి, ఒంటికి ఇంకా ఎడంగా, ఆరునుంచి ఎనిమిదిసార్లదాకా చేయించుకోవలసి వస్తుంది. లగ్నపత్రిక రాసుకున్న తరువాత పెళ్ళికూతుర్ని లేజరుకు తీసుకువెళ్ళే తల్లులు ఈ లెక్క గమనించాలి. పని సవ్యంగా జరగాలంటే ఆరేడు నెలలు చేతిలో ఉండాలి. ఆఖరుసారి చికిత్సకూ నలుగుకూ మధ్య చర్మం పూర్తిగా నెమ్మదించటానికి కొన్ని వారాలు వదలాలి.

ఇంత చేసినా వెంట్రుకలు తగ్గుతాయిగాని, ఒక్కటి లేకుండా జన్మకు పోతాయనే హామీ లేదు. తెల్లవెంట్రుకకు నలుపు లేదు గనుక లేజరు దాని జోలికి పోదు. బుగ్గలమీద ఉండే సన్నని నూగుకు ఈ చికిత్స అసలు చేయించరాదు. మనవంటి చాయగలవారిలో కొందరికి ఆ చోట నూగు పోవటానికి బదులు ముతకబడి పెరగటం కూడా డాక్టర్లు చూశారు.

ముఖంమీద వెంట్రుక ఉండటం తప్పూ కాదు, జబ్బూ కాదు. అది వద్దనుకోవటం కూడా తప్పు కాదు. కాని మన అమ్మాయిలు ఈ ముచ్చట ఇంట్లో చెప్పటానికి సిగ్గుపడి, దాచుకున్న డబ్బుతో, ఎవరికీ తెలియకుండా, ఏ ప్రశ్నా అడగకుండా వెళ్ళి ఆ బల్లమీద పడుకుంటున్నారు. అసలు ప్రమాదం ఆ సిగ్గులో ఉన్నది. "నీకెందుకే ఈ షోకులు?" అని కసురుకోకుండా తల్లి పక్కన కూర్చుని, "పద, ముందు డాక్టరును అడుగుదాం" అంటే పిల్లలు సగం ఆపద తప్పించుకుంటారు. మిగతా సగానికి గొడుగు, కాస్త ఓపిక చాలు.