తెలుఁగు పాఠమును దెరపై నెన్నుకొనుట

ప్రాచీనగ్రంథపరిష్కరణమున నిప్పుడు కంప్యూటరు సామాన్యసాధనమైనది. ప్రతులను సరిపోల్చుట, పాఠభేదములను గుర్తించుట, పద్యములను ఒకచోటినుండి వేఱొకచోటికిఁ జేర్చుట మున్నగు పనులు తెరమీఁదనే జరుగుచున్నవి. వీని కన్నిటికిని మూలమైన క్రియ యొక్కటి గలదు. అది పాఠమునందుఁ గొంతభాగము నెన్నుకొనుట. దీనిని సెలెక్షన్ అనియు, ఎంపిక యనియు వ్యవహరింతురు. ఎన్నుకొనువాఁడు మనుష్యుఁడు, ఆ యెన్నికను గ్రహించి నిలుపునది ప్రోగ్రాము. ఈ రెంటి నడుమ ‘అక్షర’ మను మాటకు నర్థము భిన్నమైనచోఁ బాఠము చెడును. ఆ భేద మెట్టిదో, దానికిఁ బరిహార మేమో యిందు వివరింపఁబడును.

ఎంపిక స్వరూపము

ఎంపిక యనఁగా రంగుపూఁత గల యక్షరముల సమూహమని చూచువారికిఁ దోఁచును. ప్రోగ్రాము దృష్టిలో నది రెండు స్థానములు మాత్రమే. మౌసుమీట నొక్కినచోటు మొదటిది. ఇది కదలదు గనుక స్థిరస్థాన మనవచ్చును. మీట విడువక మౌసును జరుపఁగాఁ బోయి నిలిచినచోటు రెండవది, ఇది చరస్థానము. పిదప షిఫ్టుమీట పట్టి బాణపుమీటలను నొక్కినప్పుడును చరస్థానమే కదలును. అది స్థిరస్థానమును దాఁటి వెనుకకుఁ బోవుటయుఁ గలదు. కాఁబట్టి ప్రోగ్రాము ఆద్యంతములను మాత్రము గుర్తుంచుకొన్నఁ జాలదు. ఏది స్థిరమో యేది చరమో యెఱుఁగవలెను. రెండును ఒక్కచోటనే యున్నచో నది శూన్యమైన యెంపిక. దానినే కర్సరు అందుము. మఱియు ఎంపికకు ముందున్న భాగమునఁ బాఠము హెచ్చినను తగ్గినను, ఆ మేరకు రెండు స్థానములను జరుపవలెను. లేకున్నఁ గోరిన పదము విడిచి ప్రక్కపదము ఎంపికలోఁ బడును.

ముందుగా నెన్నుకొని పిదప నాజ్ఞ యిచ్చుట మన వాక్యమునందలి కర్మక్రియల వరుసవంటిది: ‘పద్యమును – తొలగింపుము’ అన్నట్లు. ఎంపికపై నాజ్ఞ యెంత బలవంతమైనదో యొక యుదాహరణమువలనఁ దెలియును. అమెరికాలోఁ గాలిఫోర్నియా రాష్ట్రమునందలి పాలో ఆల్టోలో జిరాక్సు పరిశోధనాలయమున 1974 ప్రాంతమున బ్రావో యను ప్రోగ్రాము నిర్మింపఁబడెను. అందు నాజ్ఞలు ఒక్కొక్క యాంగ్లాక్షరముచే నీయఁబడుచుండెను. ఆజ్ఞ గైకొను స్థితిలో నది యుండఁగా, ఏమఱుపాటున ‘ఎడిట్’ అను పదమును గొట్టినచో, ‘ఇ’ పాఠమంతయు నెన్నుకొనును. ‘డి’ దానిని దొలగించును. ‘ఐ’ క్రొత్తపాఠమును జేర్చు స్థితికిఁ దెచ్చును. ‘టి’ యను నక్షర మొక్కటియే తుదకు మిగులును. ఇట్టి స్థితిభేదములను బోఁగొట్టఁగోరి లారీ టెస్లర్, టిమ్ మాట్ అను నిరువురు అచ్చటనే జిప్సీ యను ప్రోగ్రామును రచించిరి. నేఁటి కట్, కాపీ, పేస్ట్ పద్ధతి యందు రూపొందెను. 1983లో లీసా, 1984లో మెకింటాష్ అను కంప్యూటర్ల మూలమున నది లోకవ్యాప్తమయ్యెను.

తెలుఁగునఁ గలుగు చిక్కు

ఆంగ్లమున నక్షరము తరువాత నక్షరము విడివిడిగా నిలుచును గనుక నెంపికకు సీమ నిర్ణయించుట సులభము. తెలుఁగున నట్లు గాదు. 1991లోఁ దొలికూర్పు వెలువడిన యూనికోడునందు హల్లునకు నొకటి, అచ్చుగుర్తునకు నొకటి, పొల్లునకు నొకటిగా సంకేతములు గలవు. వత్తులకు వేఱు సంకేతములు లేవు. హల్లు, పొల్లు, మఱల హల్లు వరుసగా వచ్చినచో నవి సంయుక్తాక్షరముగాఁ జూపఁబడును. ‘భక్తి’ యను పదమును బరిశీలింతము. భ, క, పొల్లు, త, గుడి యని సంకేతము లైదు. యూటీఎఫ్-8 పద్ధతిలో భద్రపఱచినచో బైట్లు 15. అక్షరములు మాత్రము రెండే.

ప్రోగ్రాములు పెక్కింటికి ఆధారమైన యూనికోడు విభాగనియమము చిరకాలము పొల్లు తరువాత సీమ నంగీకరించెను. దానింబట్టి ‘భక్తి’ భ, క్, తి యని మూఁడు తునుకలగును. ఇది లిపికే విరుద్ధము. ‘క్తి’ యందలి గుడి సంకేతక్రమమునఁ దకారము వెంటనున్నను, వ్రాఁతలోఁ గకారముమీఁద నిలుచును. తకారము క్రింద వత్తుగా నుండును. అట్టిచోఁ ‘ది’ని మాత్రము వేఱుగాఁ జూపి రంగు పూయుట యెట్లు? హాని యింతటితో నాగదు. ‘భక్తిరసము’ నందు ‘తి’ యను తునుక నెన్నుకొని తొలగించినచో, మిగిలిన పొల్లు తరువాతి రేఫముతోఁ గూడి ‘భక్రసము’ అగును. పరిష్కర్త యెన్నఁడు నెఱుఁగని పాఠ మొకటి ప్రతిలోఁ బుట్టును; పిదప చూచువాఁడు దానిని లేఖకదోషమని భ్రమింపవచ్చును.

కొన్ని ప్రోగ్రాములు తమ లిపిరూపణపద్ధతింబట్టి యక్షరము నఖండముగాఁ జూచుచుండినను, సామాన్యనియమము 2023 సెప్టెంబరులో వెలువడిన యూనికోడు 15.1 కూర్పునందుఁ గాని మాఱలేదు. తెలుఁగు, దేవనాగరి, వంగ, గుజరాతీ, ఓఢ్ర, మలయాళ లిపులలో సంయుక్తాక్షరమును నడుమఁ దెంపరాదని యప్పుడు విధింపఁబడెను. ‘శాస్త్రము’ పూర్వనియమమున శా, స్, త్, ర, ము అని యైదు తునుకలు. నూతననియమమున శా, స్త్ర, ము అని మూఁడు. ఛందస్సున దీనిని భగణముగా గణించు మనకు రెండవదియే సమ్మతము.

నియమమునకు మేరలు

అయినను నీ విభాగము ఛందోవిభాగముతో సర్వత్ర సరిపోవునని తలంపరాదు. ‘విద్వాన్’ అనుచోఁ దుదిపొల్లు ప్రోగ్రామునకు వేఱు తునుక. ఛాందసులకుఁ బూర్వాక్షరములో భాగము. పదవిభాగమున నింకను గష్టము. ‘రాముఁడిట్లనియె’ అనుచో ‘డి’ యందలి హల్లు పూర్వపదమునది, అచ్చు పరపదమునది. ఏ యెంపికయు వీనిని విడఁదీయఁజాలదు. పదముపై రెండుమాఱులు మౌసుమీట నొక్కినచో నీ సంధిగతసముదాయమంతయు నెంపికలోఁ బడును. పదచ్ఛేదము పండితునిదే కాని ప్రోగ్రాముది గాదు.

వెనుకకుఁ దొలగించు మీట పెక్కు ప్రోగ్రాములలో నొక్కొక్క సంకేతమునే తీసివేయును. అది దోషము గాదు. గుణింతమును గాని యరసున్నను గాని దిద్దుటకు నుపకారకము. దిద్దుబాటు సంకేతముచొప్పున జరుగవచ్చును. ఎంపిక మాత్ర మక్షరముచొప్పుననే జరుగవలెను.

మన ప్రోగ్రాము నెఱుఁగుటకు సులభమైన పరీక్ష గలదు. ‘భక్తిరసము’ అని వ్రాసి, కర్సరును మొదట నుంచి, షిఫ్టుమీట పట్టి కుడిబాణపుమీటను రెండుమాఱులు నొక్కవలెను. ‘భక్తి’ యంతయు నెంపికలోఁ జేరినచో నది యక్షరజ్ఞానము గలది. ‘భక్’ వఱకే చేరినచోఁ బూర్వనియమము ననుసరించునది. అట్టిదానిలోఁ బాఠభేదములను బూర్తిపదములుగానే యెన్నుకొని కదలించుటయు, కదలించినపిదప నిరుప్రక్కల హల్లులను దిరిగి చూచుటయు శ్రేయస్కరము.