వార్తల్లో పదం: ఫ్లాక్యులెంట్

నిజాం హయాంలో, 1930ల చివర్లో మొదలై 2015లో మూతపడిన బోధన్ చక్కెర కర్మాగారాన్ని మళ్లీ తెరవాలన్న మాట వచ్చినప్పుడల్లా చర్చ యంత్రాలు, బకాయిల చుట్టూ తిరుగుతుంది గాని, మడ్డి రసాన్ని తేటపరిచే ఫ్లాక్యులెంట్ ఊసు అంతగా రాదు. చక్కెర మిల్లుల్లో సాధారణంగా వాడే ఈ పదార్థం పాలీఅక్రిలమైడ్ అనే పొడవైన గొలుసు అణువు. అందులోని కొన్ని అమైడ్ సమూహాలను కార్బాక్సిలేట్‌లుగా మార్చినప్పుడు నీటిలో గొలుసు పొడవునా రుణావేశాలు ఏర్పడి, అవి పరస్పరం వికర్షించుకోవడంతో ఉండచుట్టుకున్న అణువు విచ్చుకుంటుంది. సున్నం కలిపి మరిగించిన చెరకు రసంలోని మలిన రేణువులకూ రుణావేశమే ఉన్నా, సున్నం నుంచి వచ్చే కాల్షియం అయాన్లు రెంటినీ కలిపే వంతెనలు కాగా, ఒక్కో గొలుసు అనేక రేణువులను పట్టి బరువైన గుత్తులుగా క్లారిఫయర్ అడుక్కి దించుతుంది. పది లక్షల పాళ్ల రసానికి రెండు మూడు పాళ్లు చాలు. మోతాదు మరీ మించితే పాలిమరే రేణువులను కప్పేసి మళ్లీ విడదీస్తుంది. పొడిని నీళ్లలో ఒక్కసారిగా గుమ్మరిస్తే పైన జిగురుగా, లోపల పొడిగా ఉండలు కడుతుంది. వాటిని కరిగించాలని జోరుగా తిప్పితే గొలుసులే తెగిపోతాయి కనుక, కొద్దికొద్దిగా చల్లుతూ నిదానంగా కలిపి, బాగా నాననివ్వడమే పద్ధతి.