తన్నే గేదెను తెగనమ్మకండి

పాలు పితకబోతే తన్నుతోంది, పలుపు తెంపుకుంటోంది, కొత్త మనిషి కనబడితే కొమ్ములు విసురుతోంది అంటూ మంచి పాడి గేదెను సంతకు తోలుకెళ్లి అయినకాడికి అమ్మేసే రైతులు మన ఊళ్లలో ఉన్నారు. ఎకరం చెక్క, ఒక గేదె ఉన్న ఇంటికి ఆ గేదే నెల జీతం. దాన్ని వదులుకునే ముందు కొంచెం ఆలోచించండి. పుట్టుకతోనే పొగరున్న గేదెలు తక్కువ. ఎక్కువ గేదెలు బాధ చెప్పుకోలేక తిరగబడతాయి. కర్ర తీసుకుంటే ఆ బాధ పోకపోగా దానికి భయం కూడా తోడవుతుంది. మేత, పాక, పితికే పద్ధతి మారిస్తే చాలా గేదెలు దారికొస్తాయి.

ముందు జబ్బు ఉందేమో చూడండి

చన్నుల మీద పగుళ్లు, పుండ్లు ఉన్నాయా? పొదుగు ఒక పక్క వేడిగా, గట్టిగా ఉందా? మొదటి రెండు ధారలు నల్లగుడ్డ మీద పిండి చూడండి. పెళ్లలు, ముక్కలు కనబడితే పొదుగువాపు మొదలైందని అర్థం. అలాంటి గేదె తన్నక ఏం చేస్తుంది? చెవుల వెనుక, తోక మొదట్లో, పొదుగు మడతల్లో పిడుదులు, పేలు ఉన్నాయేమో కూడా వెతకండి.

సుమారు 21 రోజులకోసారి ఒకటి రెండు రోజులు మాత్రమే అరుస్తూ, మేత తినకుండా, మాటిమాటికీ మూత్రం పోస్తుంటే అది పొగరు కాదు, ఎద. చూడి కట్టించాల్సిన అదను.

ఈనిన నెల రెండు నెలల లోపు దాణా మానేసి గడ్డి మాత్రం కొరుకుతూ, గోడలు, గుంజలు నాకుతూ, తూలుతూ ఉంటే ఒంట్లో శక్తి చాలక వచ్చే జబ్బు కావచ్చు. డాక్టరుకు చూపించాలి.

ఒక్క విషయంలో మాత్రం తాత్సారం పనికిరాదు. గొంతు మారి ఆగకుండా అరుస్తూ, చొంగ కారుస్తూ, కనబడినదాని మీదికల్లా వస్తుంటే పిచ్చికుక్క కాటు అని అనుమానించాలి. గొంతులో ఏదో అడ్డం పడిందని నోట్లో చెయ్యి పెట్టకండి. పాలు వాడకండి. దూరంగా కట్టేసి వెంటనే పశువైద్యుణ్ని పిలవండి. 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం సాయం అడగొచ్చు.

నీళ్లు, మేత

పెద్ద గేదెకు రోజుకు 50 నుంచి 60 లీటర్ల నీళ్లు కావాలి. పాలిచ్చే గేదెకు లీటరు పాలకు మరో 4, 5 లీటర్లు అదనం. ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కుడితి పెట్టి ఊరుకుంటే చాలదు. గాబులో నీళ్లు ఎప్పుడూ అందేటట్టు ఉండాలి.

వట్టి వరిగడ్డి వేస్తే కడుపు నిండినట్టు కనబడుతుంది గాని ఒంటికి బలం పట్టదు. ఉన్నంతలో రోజుకు 15 నుంచి 20 కిలోల పచ్చిమేత, 5, 6 కిలోల ఎండుగడ్డి వేయండి. దాణా ఒంటి పోషణకు కిలోన్నర, ఆపైన ప్రతి 2 లీటర్ల పాలకు ఒక కిలో చొప్పున లెక్క చూసుకోండి. అందులో రోజుకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం, 30 గ్రాముల ఉప్పు కలపండి. గుడ్డలు, ఎముకలు, మట్టి నమిలే గేదెకు సాధారణంగా భాస్వరం లోపం ఉంటుంది. కడుపులో పురుగులున్నా ఇలాగే చేస్తుంది. దానికి పురుగుల మందు డాక్టరు చెప్పిన మోతాదులో పట్టించాలి.

దాణా ఏదైనా ఒక్కసారిగా మార్చకండి. పది పదిహేను రోజుల్లో కొంచెం కొంచెంగా మార్చాలి. లేకపోతే కడుపులో పులుపు పెరిగి ఉబ్బరంతో సతాయిస్తుంది. మేత వేసే వేళ రోజూ ఒకటే ఉండాలి. వేళ తప్పితే గేదె కుదురుగా ఉండదు. మేత అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది కాబట్టి వేసవిలో ఎక్కువ భాగం తెల్లవారుజామున, రాత్రి చల్లబడ్డాక వేయండి.

పాక

గేదె చర్మం నలుపు, ఎండను లాగేస్తుంది. ఆవుతో చూస్తే చెమట గ్రంథులు చాలా తక్కువ. అందుకే అది చెరువు వెతుక్కుంటుంది. మిట్టమధ్యాహ్నం రేకుల కింద కట్టేస్తే తాడు తెంపుకోక మానదు. చెరువు లేకపోతే వేసవిలో రోజుకు రెండు మూడుసార్లు ఒంటి మీద నీళ్లు పోయండి. రేకుల మీద వరిగడ్డి పరవండి. కొత్తగా పాక వేసేవాళ్లు పొడవు తూర్పు పడమరలుగా, నడిమి ఎత్తు పది అడుగులకు తగ్గకుండా, గాలి ఆడేటట్టు వేసుకోవాలి. ఒక్కో గేదెకు 40 చదరపు అడుగుల చోటు వదలండి. పడుకుని లేవడానికి పలుపు పొడవు చాలాలి.

నేల జారితే గేదె బెదురుతుంది. నున్నటి సిమెంటు నేల మీద గాట్లు పెట్టించండి. పేడ, మూత్రం నిలవకుండా చూస్తే ఈగలు, జోరీగలు తగ్గుతాయి. సాయంత్రం వేపాకు పొగ వేయండి, కానీ పాక తలుపులన్నీ మూసేసి కాదు. గేదె మంద జీవి. ఒంటరిగా మూలన కట్టేస్తే బెంగపడుతుంది. పక్కన మరో పశువు కనబడేటట్టు కట్టండి.

పితికే వేళ

పొదుగు కడిగి, దూడను వదిలాక గేదె ఒంట్లో ఒక హార్మోను విడుదలై పాలు చేపుతుంది. దాని పని కొద్ది నిమిషాలే. కాబట్టి చేపిన తరువాత 5 నుంచి 7 నిమిషాల్లో పిండేయాలి. ఆ సమయంలో కొట్టినా, అరిచినా, కుక్క వచ్చినా భయంతో పుట్టే మరో హార్మోను దానికి అడ్డం పడుతుంది. గేదె ఎగచేపేస్తుంది. రోజూ ఒకే మనిషి, ఒకే వేళ, గోళ్లు తీసుకుని, నిండు పిడికిలితో పిండాలి. బొటనవేలు మడిచి లాగితే చన్ను నొస్తుంది.

పాలు చేపడానికని ఇంజెక్షను పొడిచే అలవాటు మానండి. పాలకోసం పశువు ఆరోగ్యానికి హాని చేసే ఇంజెక్షను ఇవ్వడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 12వ సెక్షను కింద నేరం. పైగా సూది పోటు గుర్తుండిపోయి మనిషిని చూస్తేనే గేదె తిరగబడుతుంది.

ఈ మార్పులన్నీ ఒక్కరోజులో చేయక్కర్లేదు. ముందు నీళ్లు, నీడ. తరువాత మేత వేళ. ఆపైన లవణ మిశ్రమం. రోజూ ఎన్ని పాలిచ్చిందీ, ఎన్నిసార్లు తన్నిందీ పిల్లల పాత నోటుపుస్తకంలో రాసి పెట్టుకోండి. మూడు వారాలు చూశాక కూడా మార్పు లేకపోతే డాక్టరుకు ఆ లెక్క చూపించండి. అప్పటికీ లొంగకపోతే అప్పుడు సంత గురించి ఆలోచించవచ్చు. కొనేవాడికి మాత్రం దాని గుణం దాచకుండా చెప్పండి. అతనూ మనలాంటి రైతే.