హిమవర్షములో తొలి పరుగు

మారథాను పరుగుపందెము పేరు విననివారు నేడు మన సోదరీమణులలో అరుదు. హైదరాబాదు నగరములో ఏటేట ఆగస్టు నెలలో, సరిగా వానకాలపు నడుమ, ఇట్టి పందెము జరుగుచున్నది. అందు స్త్రీలు తమ పేరు తామే వ్రాసికొని, చొక్కాపై నంబరు తగిలించుకొని పరుగెత్తుచున్నారు. వాన కురిసిన తడియుదురు, అంతే. నీవేల వచ్చితివని వారి నడుగువారు లేరు. ఆ చిన్న కాగితపు నంబరును ఒక యువతి యెట్టి చలిలో నిలుపుకొన్నదో మన పాఠకురాండ్రకు చెప్పవలెనని మాకు చిరకాలముగా కోరిక.

ఈ పందెపు దూరము 26 మైళ్ల 385 గజములు. నేటి కొలతలో 42.195 కిలోమీటరులు. మన పెద్దల లెక్కలో మూడు ఆమడలకు పైమాట. అమెరికాలోని బోస్టన్ నగరమున ఇది 1897 మొదలు సాధారణముగా ఏప్రిల్ నెలలో జరుగుచున్నది. హాప్కింటన్ అను పల్లెలో మొదలిడి బోస్టన్ నగరమధ్యమున ముగియును. ఏప్రిల్ అనగా మనకు వడగాలి, మామిడికాయ, ఊరగాయ కుండలు. ఆ దేశపు ఈశాన్యభాగమున అట్లు కాదు. ఒక ఏడు ఎండ మాడ్చును. మఱుసటి ఏడు మంచు కురియును. 1967 ఏప్రిల్ 19వ తేదీన మంచే కురిసెను. మంచుతో వాన కలిసి ముఖమున కొట్టుచుండ, ఎదురుగాలి వీచుచుండెను.

ఆ ఉదయమున హాప్కింటన్‌లో నిలిచినవారిలో కాథరిన్ స్విట్జర్ అను ఇరువదేండ్ల కన్య యొకతె. సిరక్యూస్ విశ్వవిద్యాలయమున విద్యార్థిని. పండ్రెండవ యేట ఆమె పాఠశాలలో హాకీ ఆడగోరగా తండ్రి, దినమునకొక మైలు పరుగెత్తుము, అన్నియు అవియే వచ్చునని చెప్పెనట. ఆడపిల్లకు ఏల యని అనక, ఒక మైలు చాలునని చెప్పిన తండ్రి దొరకుట మామూలు భాగ్యము కాదు. విశ్వవిద్యాలయమున స్త్రీలకు పరుగుజట్టు లేకుండెను గనుక ఆమె పురుషులతోనే అభ్యసించెను. అచ్చట ఆర్నీ బ్రిగ్స్ అను ఏబదేండ్ల వాడు ఆమెకు తోడయ్యెను. విశ్వవిద్యాలయములో ఉత్తరములు పంచుట ఆయన ఉద్యోగము; బోస్టన్ పందెము పదిహేను సారులు పరుగెత్తుట ఆయన ఘనత.

మంచు కురియు శీతకాలపు సాయంకాలములలో, వీథిదీపముల వెలుగున, ఈ యిరువురును పరుగెత్తుచుండ, ఆయన బోస్టన్ కథలు చెప్పుచుండెడివాడు. చెప్పిన కథలే మఱల మఱల విని ఒకనాడామె విసిగి, ఈ మాటలు చాలును, పోయి పరుగెత్తుదము రండనెను. ఆయన తెల్లబోయి, అంత దూరము స్త్రీల వలన కాదనెను. మంచివాడే, గురువే, ఆమె పరుగును దినదినము కన్నులార చూచుచున్నవాడే! అయినను ఆ మాట అనెను. చూచినదానికంటె విన్నదానిని నమ్ముట లోకములో క్రొత్త గాదు. తుదకు అభ్యాసములో ఆ దూరమును పరుగెత్తి చూపినచో తానే తీసికొని పోవుదునని ఒప్పుకొనెను. కొన్ని నెలలకు ఆ దినము వచ్చినది. 26 మైళ్లు ముగిసిన పిదప ఆమె, ఇంకొక ఐదు మైళ్లు పోవుదమనెను. 31 మైళ్లు ముగియునప్పటికి గురువుగారే స్మృతి తప్పి పడిరి! మఱునాడు ఆయనయే వచ్చి, పందెమునకు నీ పేరు నమోదు చేయవలెనని పట్టుబట్టెను.

ఇచ్చట ఒక సంగతి చెప్పవలెను. స్త్రీలు దూరము పరుగెత్తరాదను భయము ఎచ్చటనుండి వచ్చెను? 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో స్త్రీలకు 800 మీటరుల పందెము పెట్టిరి. తుదిపోటీలో తొమ్మండుగురు పరుగెత్తి తొమ్మండుగురును గమ్యము చేరిరి. కాని కొందఱు పత్రికలవారు, ఆ స్త్రీలు వరుసగా మూర్ఛిల్లి పడిరని వ్రాసిరి. పందెము ముగిసిన పిదప ఆయాసముతో నేల వ్రాలుట పురుషులకును ఉన్నదే. దానిని ఎవరును మూర్ఛ యనరు. ఆ వ్రాతల ఫలమున ఆ పందెమును తీసివేసిరి. మఱల 1960లో రోములో గాని పెట్టలేదు. గర్భసంచి జాఱునని, మీసములు మొలుచునని కూడ పుకారులు పుట్టెను. 1967 నాటికి అమెరికా క్రీడాసంఘము స్త్రీలకు అనుమతించిన పెద్ద వీథిపందెము ఒకటిన్నర మైలు మాత్రమే.

అయినను మారథాను నియమముల పుస్తకమున స్త్రీ పురుష భేదము వ్రాసి యుండలేదు. దరఖాస్తులోను అట్టి ప్రశ్న లేదు. స్త్రీ వచ్చునని వారికి తోచియుండదు. కాథరిన్ తన అలవాటు చొప్పున పొడి అక్షరములతో కె. వి. స్విట్జర్ అని చేవ్రాలు చేసెను. ఇది మోసమని పిదప కొందఱు నిందించిరి. ఆమె చిన్ననాటినుండియు రచయిత్రి కావలెనని అట్లే వ్రాయుచుండెడిది. మన పండితులును పొడి అక్షరములు వాడుదురు. వారిని ఎవ్వరును మోసగాండ్రనరు. ఆమెకు వచ్చిన నంబరు 261.

ఇక వాతావరణపు మాట. ఆమె ఆ దినమునకై చక్కని పొట్టి దుస్తులు తెచ్చుకొన్నది. స్త్రీగానే, అందముగానే కనబడవలెనని ఆమె కోరిక. చలి కారణమున అవి వేసికొన వీలు లేకపోయెను. అందఱివలెనే ఆమెయు వదులైన దళసరి చొక్కాయు లాగును తొడిగికొనెను. వందలకొలది జనము ఒకే విధమైన బూడిదవన్నె ముసుగులలో వణకుచు నిలిచినప్పుడు ఎవరు స్త్రీయో ఎవరు పురుషుడో అధికారులకు తెలియలేదు. విరాటుని కొలువున అర్జునుడు బృహన్నల వేషము తానే వేసికొనెను. ఈమెకు వేషమును ఆకాశమే వేసినది. ఎండ కాసియున్నచో ఆరంభరేఖకడనే ఆమెను వెనుకకు పంపియుందురని మా ఊహ. వెంట వచ్చిన టామ్ మిల్లర్ మాత్రము, నీ పెదవుల రంగు తుడువుము, గుర్తుపట్టుదురు అనెను. ఆమె తుడువలేదు. ప్రక్కనున్న పురుషులు గుర్తించియు సంతోషించిరేగాని అభ్యంతరము చెప్పలేదు. దీనినికూడ మేము వ్రాయకున్న అన్యాయము.

కొద్ది మైళ్లు పోవునప్పటికి పత్రికలవారి బస్సు ప్రక్కకు వచ్చెను. స్త్రీ పరుగెత్తుచున్నదని, అందును నంబరుతో పరుగెత్తుచున్నదని వారు కేకలు వేసి ఫోటోలు తీయసాగిరి. ఆ కేకలకు జాక్ సెంపుల్ అను నిర్వాహకుడు ఉగ్రుడై బస్సు దిగి, వెనుకనుండి పరుగెత్తుకొని వచ్చి, ఆమె భుజము పట్టి, నంబరు ఇచ్చి పందెమునుండి పొమ్మని గర్జించుచు దానిని ఊడబెఱుకజూచెను. ఆర్నీ అడ్డుపడెను, లాభము లేకపోయెను. అప్పుడు ఇనుపగుండు విసరుటలో ఆరితేరిన బలశాలి టామ్ తన భుజముతో ఒక్క త్రోపు త్రోయగా సెంపుల్ బాట ప్రక్కకు పోయి పడెను. అంతయు కెమెరాల యెదుటనే.

ఆ క్షణమున ఆమెకు కలిగినది ధైర్యము కాదు, భయము, సిగ్గు. ఆమెయే పిదప చెప్పుకొనెను. మనలో ఎందఱము తప్పు చేయకయే నలుగురిలో చీవాట్లు తిని ఆ సిగ్గు నెఱుగమా? మానివేయవలెననియు ఆమెకు తోచెను. కాని తానిప్పుడు ఆగినచో, స్త్రీలు ఇంత దూరము పోలేరనియు, పేరుకొఱకు వచ్చిరనియు అందఱును అందురు. ప్రాకియైనను చేరుదునని ఆర్నీతో చెప్పెను. పిమ్మట టామ్ కూడ కోపగించి, నీ వలన నా ఒలింపిక్స్ ఆశ పాడయ్యెనని నిందించి, ముందుకు పరుగెత్తి పోయెను. బలశాలియే గాని దూరపు పరుగు అతనికి అలవాటు లేదు. కొన్ని మైళ్ల పిదప అతడు నడుచుచుండ ఆమె దాటిపోయెను. ఆమె మఱుసటి యేట అతనినే వివాహమాడినది, కొన్నేండ్లకు విడిపోయినది. అది వేఱు కథ.

మిగిలినది మంచు, గాలి, తడిసిన చేతితొడుగులు, బొబ్బలెక్కిన పాదములు. ఇరువదవ మైలు దాటిన పిదప న్యూటన్‌లో నొక మిట్ట కలదు. అలసినవారి గుండె పగులునని దానికి ఆ మాట అర్థము వచ్చునట్లే పేరు పెట్టిరి. ఆమె దానిని ఎక్కి దిగి, అది యేదని ఆర్నీ నడిగెనట! మంచుకాలపు అభ్యాసము ఊరక పోలేదు. సుమారు 4 గంటల 20 నిమిషములకు గమ్యము చేరినప్పుడు అచ్చట చలికి నిలిచిన జనము కొలదిమందియే. ఆ రాత్రి ఇంటికి మరలుచు త్రోవలో కాఫీకై ఆగినచోట ఎవరో చదువుచున్న పత్రికలో తన ఫోటో చూచినప్పుడు గాని జరిగినది ఎంత పెద్ద సంగతియో ఆమెకు తెలియలేదు. క్రీడాసంఘము మాత్రము వెంటనే ఆమెను తన పట్టికనుండి తొలగించెను.

న్యాయముగా మఱియొకతెను తలపవలెను. బాబీ గిబ్ అను ఆమె అంతకు ముందటి యేడు, 1966లో, నంబరు లేకయే పొదలమాటున నిలిచి గుంపులో కలిసి, 3 గంటల 21 నిమిషములలో ఆ పందెము ముగించెను. 1967లో అదే మంచులో, కాథరిన్ కంటె దాదాపు గంట ముందుగా, ఆమె మఱల చేరెను. కాని ఆమె నంబరును ఎవ్వరును లాగలేదు, ఏలయన లేదు గనుక. లోకము ఫోటోలో పడినదానినే జ్ఞాపకముంచుకొనును. మేమును మొదట కాథరిన్ కథయే వ్రాసితిమి గదా!

1972లో బోస్టన్‌వారు స్త్రీలకు ద్వారము తెఱచిరి. ఎనమండుగురు పరుగెత్తిరి, నీనా కుసిక్ ప్రథమురాలు. 1973లో అదే సెంపుల్ ఆరంభరేఖకడ కాథరిన్‌ను పలుకరించి అందఱి యెదుట ముద్దిడి స్నేహము చేసికొనెను. 1984లో లాస్ ఏంజెల్స్ ఒలింపిక్స్‌లో స్త్రీల మారథాను మొదటిసారి జరుగగా జోన్ బెనాయిట్ 2 గంటల 24 నిమిషముల 52 సెకండులలో గెలిచెను. 2017లో కాథరిన్ డెబ్బదవ యేట 261 నంబరుతోనే బోస్టన్‌లో మఱల పరుగెత్తెను. ఆనాడు మంచు లేదు, ఎండ కాసినది. నంబరు కనబడకుండ చొక్కాల మాటున దాగవలసిన పని లేకపోయెను.

మఱుసటి యేట, 2018లో, ఆ పాత దుర్దినమే తిరిగి వచ్చినట్లు చల్లని కుంభవర్షము, ఎదురుగాలి. పేరుమోసిన పరుగువీరులే నడుమ విడిచి పోయిరి. నాడు మొదలిడి ముగింపలేని పురుషులు నూటికి ఐదుగురు; స్త్రీలు నూటికి నలుగురికంటె తక్కువ. గెలిచిన డెసిరీ లిండెన్ కూడ మొదట విడిచిపెట్టుదుననుకొన్నది. తానెట్లును ఆగుదును గదాయని, తోడి పోటీదారు షలేన్ ఫ్లానగన్ దొడ్డికి పోయినప్పుడు ఆమెకొఱకు నిలిచి, ఆమెను గుంపులో కలిపినది. ఆ సాయము చేయుచుండగనే తన కాళ్లకును సత్తువ వచ్చెను కాబోలు, అందఱిని దాటిపోయినది. రెండవ స్థానము సారా సెల్లర్స్ అను నర్సుకు వచ్చినది. రోగులకు మత్తుమందు ఇచ్చు పని ఆమెది. మారథాను పరుగెత్తుట ఆమెకది రెండవసారి మాత్రమే. గమ్యము చేరి తడిసి వణకుచు తన స్థానమేదని అడుగగా, రెండవదని అచ్చటివారు చెప్పిరి. ఎందులో రెండవదియని ఆమె మఱల అడిగెనట.