సెయింట్ మైకేల్స్: పీతల ఊళ్లో ఒక అక్షరాల కథ

ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లకు వైట్‌హౌస్, స్మిత్‌సోనియన్ మ్యూజియంలు చూపించేశాక, ‘ఈ శనివారం ఎక్కడికి?’ అన్న ప్రశ్న వాషింగ్టన్ చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో మామూలే. ఈసారి మేం మేరీలాండ్‌లోని సెయింట్ మైకేల్స్ వెళ్లాం. చెసాపీక్ బే తూర్పు తీరాన ఉన్న చిన్న ఊరు. వర్జీనియాలోని మా ఇంటి నుంచి కారులో సుమారు రెండు గంటలు.

దారిలో వచ్చే బే బ్రిడ్జి 1952లో మొదలైంది. పొడవు నాలుగు మైళ్ల పైమాటే. ‘మన గోదావరి బ్రిడ్జి కంటే పెద్దదే’ అని మామగారు ఒప్పుకున్నారు.

ఊళ్లో ముందుగా చూడాల్సింది మారిటైమ్ మ్యూజియం. 1879 నాటి హూపర్ స్ట్రెయిట్ లైట్‌హౌస్ ఇక్కడే ఉంది. ఇనుప కాళ్ల మీద నిలబెట్టిన ఆరు పలకల చెక్క ఇల్లు అది. 1966లో దాన్ని నీళ్ల మీదుగా ఇక్కడికి తరలించారు. మధ్యాహ్నం బల్ల మీద కాగితం పరిచి, ఓల్డ్ బే మసాలా చల్లిన పీతలు పోశారు. కాకినాడ దగ్గర పల్లెలో పుట్టిన అత్తగారికి చెక్క సుత్తితో పని పడలేదు. మా అందరికీ ఒలిచి పెట్టారు.

మ్యూజియం ఆవరణలోనే మిచెల్ హౌస్ ఉంది. బానిసత్వంపై పోరాడిన ఫ్రెడరిక్ డగ్లస్ అక్క ఎలైజా ఇల్లది. డగ్లస్‌ను 1833లో, 15 ఏళ్ల వయసులో బానిసగా ఈ ఊరికి తెచ్చారు. అప్పటికే చదవడం నేర్చుకున్న ఆయన, తోటివారి కోసం ఆదివారం బడి పెడితే, కొందరు కర్రలతో వచ్చి చెదరగొట్టారు. 1838లో బాల్టిమోర్ నుంచి తప్పించుకున్నారు.

ఇదంతా మా పన్నెండేళ్ల అమ్మాయి తనకొచ్చిన తెలుగులో నానమ్మకు చెప్పింది. ‘చదువుకుంటే వాళ్లకేంటి నానమ్మా?’ అని అడిగింది.

‘చదువొస్తే మాట వినరని భయమే తల్లీ. నన్ను ఐదో తరగతిలో మాన్పించినప్పుడూ అదే మాట అన్నారు’ అన్నారు అత్తగారు.

పెళ్లయిన ఇన్నేళ్లలో ఈ సంగతి నేనెప్పుడూ వినలేదు. తిరుగు ప్రయాణంలో వాళ్లిద్దరూ వెనక సీట్లో కూర్చుని, ఆ బడి గురించే మాట్లాడుకున్నారు.

వేసవి శనివారాల్లో వంతెన మీద ట్రాఫిక్ ఎక్కువ. పొద్దున్నే బయల్దేరండి. పీతల కోసం వెళ్లినా, పెద్దవాళ్లతో కలిసి మిచెల్ హౌస్ దగ్గర కాసేపు ఆగండి.