కోరింత దగ్గు క్రిమి మారుచున్నది

కోరింత దగ్గును ఎరుగని వృద్ధులు మన పల్లెలలో అరుదు. తెరలు తెరలుగా దగ్గు వచ్చుట, దగ్గి దగ్గి ముఖము కందిపోవుట, ఊపిరి లోనికి పీల్చునపుడు కూత వంటి శబ్దము కలుగుట, ఆపై వాంతి యగుట దీని లక్షణములు. చీనా దేశీయులు దీనిని నూరు దినముల దగ్గు అందురు. పెద్దలను ఇది వారముల తరబడి వేధించి విడుచును. నెలల పసికందునకు మాత్రము ప్రాణాంతకము కాగలదు. అట్టి బిడ్డకు కూత రాకపోవచ్చును. ఊపిరి నిలిచి శరీరము నీలివర్ణమునకు తిరుగవచ్చును.

ఈ వ్యాధిని కలిగించు బోర్డెటెల్లా పెర్టుసిస్ అను సూక్ష్మక్రిమిని 1906లో బెల్జియం దేశమున జూల్స్ బోర్డే, ఆక్టావ్ జెంగూ అను శాస్త్రజ్ఞులు వేరుచేసి చూపిరి. టీకాలు వచ్చిన పిదప వ్యాధి చాల తగ్గినది. అయినను టీకాలు బాగుగా వేయు దేశములలో సైతము ఇది అప్పుడప్పుడు తల యెత్తుచున్నది. టీకా బలము కాలక్రమమున తగ్గుట ఒక కారణము. క్రిమియే మారుచుండుట మరియొక కారణము. ఆ మార్పు ఎట్టిది? దాని వలన మన బిడ్డలకు టీకా నిష్ప్రయోజన మగునా? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్ప యత్నింతుము.

కలుపు నేర్పు పాఠము

వరి పండించువారు ఊదగడ్డిని ఎరుగుదురు. కలుపు తీయువారు ఆకును, కాడను చూచి ఊదను గుర్తించి పెరికివేయుదురు. కాని వరి మొక్కను పోలిన ఊద వారి కన్ను గప్పి మడిలో నిలిచి గింజ రాల్చును. ఏటేట ఇట్లే జరుగగా, తుదకు మడిలో వరిని పోలిన ఊదయే మిగులును. గడ్డి తెలివితో వేషము మార్చలేదు; మన చేతికి దొరకనిది బ్రతికినది, అంతే. క్రిమి విషయమును ఇట్టిదే. మన దేహములోని రక్షకశక్తి కలుపు తీయు చేయి. ఏ గుర్తును పట్టుకొని వెదకవలెనో ఆ చేతికి నేర్పునది టీకా.

రెండు విధములైన టీకాలు

కోరింత దగ్గు టీకాలు రెండు విధములు. క్రిమిని మొత్తముగా చంపి తయారుచేయునది మొదటిది. దీనిలో క్రిమి గుర్తులు అనేకము లుండును. మన ప్రభుత్వ కేంద్రములలో వేయు పెంటావాలెంట్, డి.పి.టి. టీకాలు ఈ తరగతివి. వీని వలన ఒకటి రెండు దినములు జ్వరము, సూది చోట వాపు కలుగవచ్చును. క్రిమిలోని కొన్ని భాగములను మాత్రమే శుద్ధిచేసి కూర్చునది రెండవది. దీనిని 1981లో జపాను దేశము మొదట వాడుకలోనికి తెచ్చినది. మన పట్టణముల ప్రైవేటు ఆసుపత్రులలో 'నొప్పి లేని టీకా' అని చెప్పునది ఇదియే. దీనిలో గుర్తులు ఒకటి మొదలు అయిదు వరకే యుండును.

క్రిమి గొంతు గోడలను అంటి పట్టుకొనుటకు తోడ్పడు పెర్టాక్టిన్ అను మాంసకృత్తు అట్టి గుర్తులలో ఒకటి. రెండవ విధపు టీకా విరివిగా వాడిన దేశములలో, పెర్టాక్టిన్ లేని క్రిములు పెరుగజొచ్చినవి. 2011, 2013 సంవత్సరముల మధ్య అమెరికాలోని 8 రాష్ట్రములలో సేకరించిన క్రిములను పరీక్షింపగా, నూటికి 85 క్రిములలో ఆ మాంసకృత్తు లేదు.

ఈ సంగతి ఎట్లు తెలియును? ఈ క్రిమి జన్యువులలో సుమారు 41 లక్షల అక్షరములు గలవు. వానిని వరుసగా చదివి ఎచ్చట తప్పు పడినదో కనుగొందురు. హైదరాబాదు ఉప్పల్ రోడ్డులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రము 2020 మొదలు కరోనా వైరసు రూపభేదములను గుర్తించినది ఇట్టి పద్ధతి చేతనే. కోరింత దగ్గు క్రిమిలో పెర్టాక్టిన్ జన్యువు ఒక్క విధముగా గాక అనేక విధములుగా చెడియున్నదని ఇట్టి పఠనము వలన తేలినది. వేర్వేరు చోట్ల, వేర్వేరు తప్పులతో, ఒకే ఫలము కలిగినది. ఆ గుర్తును విడిచిన క్రిమికే మేలు కలిగినదనుటకు ఇది నిదర్శనము.

2014లో ప్రకటింపబడిన మరియొక పరిశోధన గమనింపదగినది. రెండవ విధపు టీకా పొందిన బాబూన్ కోతులకు జబ్బు చేయలేదు గాని, వాని గొంతులో క్రిమి వారముల తరబడి నిలిచి, ఇతర కోతులకు సోకినది. మొదటి విధపు టీకా పొందినవానిలో క్రిమి త్వరగా నశించినది.

టీకా వ్యర్థము కాదు

ఇది విని టీకా ఎందుకని ఎవరును అనుకొనరాదు. అమెరికాలోని వర్మాంట్ రాష్ట్రమున పెర్టాక్టిన్ లేని క్రిములే ప్రబలియున్న 2011–2013 కాలములో సైతము, చిన్న బిడ్డలకు టీకా నూటికి 84 వంతుల రక్షణ నిచ్చినది. ఒక గుర్తు పోయినను తక్కినవి మిగిలియున్నవి గదా! టీకా మానినచో ఏమగునో జపాను చరిత్ర చెప్పును. అచ్చట 1974లో 393 మందికి మాత్రమే ఈ వ్యాధి సోకినది. భయముచే టీకాలు తగ్గిపోగా, 1979లో 13,000 మందికి సోకి, 41 మంది మరణించిరి.

మన కర్తవ్యము

వరంగల్లు దారి పల్లెల నుండి బయలుదేరు బస్సులు ఉప్పల్ చౌరస్తాకు చేరును. ఉప్పల్, నాచారము కర్మాగారములలో పనికై బిడ్డలతో తరలివచ్చు కుటుంబములు ఎన్నియో. ఊరు మారిన వేళ సూది తప్పిపోవును. ఇరుకు గదిలో పెద్దల దగ్గు పసిబిడ్డకు అంటును. కావున మాతా శిశు సంరక్షణ కార్డును రేషను కార్డు వలె భద్రముగా వెంట తెచ్చుకొనుడు. 6, 10, 14 వారములకు పెంటావాలెంట్, 16 నుండి 24 నెలల మధ్యను, 5 నుండి 6 ఏండ్ల మధ్యను డి.పి.టి. వేయింపవలెను. ఏ ఊరి ప్రభుత్వ కేంద్రములోనైనను వీనిని ఉచితముగా వేయుదురు. ఒక సూది తప్పినను మరల మొదటి నుండి ప్రారంభింప నక్కరలేదు. మిగిలినవి వేయించిన చాలును.

మరియొక మాట. ఆరు వారములు నిండని బిడ్డకు ఇంకను టీకా లేదు. దానికి రక్ష దాని చుట్టు నున్నవారే. అన్నకు, అక్కకు సూదులు పూర్తియై యుండవలెను. దగ్గుచున్న పెద్దలు బాలింత గదికి దూరముగా నుండవలెను. బిడ్డ దగ్గి ఊపిరి నిలిపినచో ఆ క్షణమే ఆసుపత్రికి కొనిపోవలెను. క్రిమి మారుట మన చేతిలో లేదు. దానికి చోటు దొరకకుండ చేయుట మాత్రము మన చేతిలోనే యున్నది.